పహిల్వాన్ మల్లేశ్ బీపీ, యాదమ్మ దారం

నీ కొలువు ఏందని ఎవరన్న అడిగితే నర్సునని చెప్త. కని నిజం చెప్పాలంటె ముప్పై ఒక్క ఏండ్లు నేను మనుషులను కొలిచిన. ఎత్తు, బరువు, నడుము, బీపీ, సుగర్, చూపు. ఫలక్‌నుమా దిక్కు ఒక సర్కారు కార్ఖాన ఉండె, పేరెందుకు గని, అండ్ల పనిచేసేటోళ్లకు ఒక చిన్న దవాఖాన. రెండు రూములు, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను. ఏడాదికొక్కసారి కార్ఖాన మొత్తానికి పరీక్షలు చేసి, ఎవరు ఏ పనికి పనికొస్తరో రాసియ్యాలె. శాలిబండల మా ఇంటి ముంగట షేర్ ఆటో ఎక్కి పొద్దున ఎనిమిదిన్నరకల్ల పోయేదాన్ని.

మొన్న నా మేనకోడలు ఫోన్ చేసింది. నర్సింగ్ పాసయ్యింది, ఒక కంపెనీల గిదే పని దొరికిందట. అత్తా, ఏం నేర్చుకొని పోవాలె అని అడిగింది. ఫోన్ల చెప్పుకుంట పోతే తెల్లారుతది, రాసిస్త తియ్యి అన్న. గందుకే ఈ రాత. ప్రమోషన్ల లొల్లి, సెలవుల లొల్లి రాస్తలేను. నాకు అక్కల్‌ వచ్చిన, అంటె బుద్ధొచ్చిన, ముచ్చట ఒక్కటి రాస్తున్న. మస్తు నవ్వొచ్చే ముచ్చట. కని దాని నడుమ నేను చేసిన ఒక పెద్ద తప్పున్నది.

లైన్ల నిలబడ్డోళ్లు

ముందుగాల ఒకటి తెలుసుకో బిడ్డా. పరీక్షకొచ్చేటోడు రోగి కాదు. పేషెంటు దవాఖానకొచ్చి నాకు ఇక్కడ నొస్తుందంటడు. పరీక్షకొచ్చినోడు నాకేం లేదు, సంతకం పెట్టున్రి, పోత అంటడు. నీ ముంగట బాగున్నట్టు కనబడాలని వాడు అన్ని తిప్పలు పడతడు.

బరువు మిషన్ ఎక్కేముందు చెప్పులు, బెల్టు, తాళాలు, పొగాకు డబ్బ అన్ని తీసి బల్ల మీద పెడ్తరు. ఒకాయన కట్టుడు పండ్లు సుత తీసిపెట్టిండు. ఇగ కండ్ల పరీక్షయితే ఇంకా అన్యాయం. గోడకు తగిలించిన అక్షరాల బోర్డును లైన్ల నిలబడ్డోళ్లంత బడిల ఎక్కాల లెక్క నోటికి నేర్చేటోళ్లు. ఒక ఏడు నాకు అనుమానమొచ్చి పాత బోర్డు తీసేసిన. కొత్తది చేతిల పట్టుకొని మొల కోసం దేవులాడుతున్న. గంతల ఫిట్టర్ ఒకాయన వచ్చి నిలబడి, ఒక కన్ను మూసుకొని, పై నుంచి కింది దాక గడగడ చదివిండు. గోడ మీద ఏం లేదు. వెనకాల లైనంత శభాష్ అన్నరు. ఆయన కండ్లద్దాలు పెట్టుకునే దాక నేను ఇడిసిపెట్టలే.

గప్పటి డాక్టరు రావు సార్. మంచి మనిషి. ఆయన గురించి చెడుగ మాట్లాడబుద్ధి కాదు, కని నీకు నిజం చెప్పాలె. ఆయనకు ఎవలనూ నొప్పియ్యబుద్ధి కాదు. నేనేది రాస్తె దాని కింద సంతకం పెట్టేటోడు. సుగుణా, నువ్వు చూసినవంటె నేను చూసినట్టే అనేటోడు. నాకు అది మస్తు గర్వంగ ఉండె. పన్నెండేండ్లు నన్ను ఒక్క ప్రశ్న అడగలే. మంచి సారు అనుకున్న. అడగని సారు కింద పనిచేస్తే మన తప్పు మనకు ఎన్నటికి తెల్వదని తర్వాత సమజైంది.

మల్లేశ్ చెయ్యి

మల్లేశ్ క్రేన్ నడిపేటోడు. గుడిమల్కాపూర్ల ఇల్లు. పడుచుతనంల తాలింఖానల కుస్తీ పట్టిన మనిషి, గందుకే అందరు పహిల్వాన్ అనేది. ఆయన దండ చెయ్యి నా తొడంత ఉంటది. ఇంత మనిషి సూదంటె మాత్రం కండ్లు మూసుకొని దేవుండ్ల పేర్లు చదివేటోడు.

బీపీ చూడనీకి అంతకు ముందు పాదరసం మిషన్ ఉండె, దాని పట్టీ బట్టది, పొడుగుది. చుట్టి లోపల దోపితే అయిపోయేది. ఆ ఏడు కొత్త కరెంటు మిషన్ పంపిన్రు. బటన్ నొక్కితే అదే గాలి కొట్టుకొని అదే లెక్క చెప్తది. దానికి ఒకటే పట్టీ, మామూలు సైజుది. మల్లేశ్ దండకు చుట్టిన. బటన్ నొక్కిన. గాలి సగం నిండంగనే పట్టీ చర్రుమని ఊడింది. మల్లా చుట్టిన. మల్లా ఊడింది. లైన్లున్నోళ్లు నవ్వుతున్నరు. మల్లేశ్ సుత నవ్వుతున్నడు, అక్కా, నీ మిషన్ నాతోని కుస్తీకి ఆగుతలేదు అని. నేనేం చేసిన్నో తెలుసా? రెండు చేతులతోని ఆ పట్టీని గట్టిగ ఒత్తి పట్టుకున్న. మూడోసారి ఊడలే. నూట అరవై నాలుగు మీద నూట రెండు వచ్చింది.

బీపీ ఎక్కువుంటె క్రేన్ ఎక్కనియ్యరు. కింద మనుషులుంటరు, పైన టన్నుల ఇనుముంటది. ఒక్కసారి చూసి నిర్ణయించొద్దన్న సంగతి నాకు తెలుసు. అందుకే తెల్లారి మల్లా పిలిచిన. ఆ తెల్లారి ఇంకోసారి. మూడు దినాలు అదే లెక్క. నేను కాయిదం మీద మూడు లెక్కలు వరుసగ రాసి, కింద గీత గీసి, రావు సార్‌ ముంగట పెట్టిన. సారు సంతకం చేసిండు, గోలీ రాసిండు. మల్లేశ్‌ను క్రేన్ దించి సామాన్ల రూముల కూసోబెట్టిన్రు.

మూడుసార్లు చూసిన గద అని నాకు మస్తు ధీమా. మూడుసార్లు అదే పట్టీతోని అదే తప్పు చేసిన, గంతే.

"చెప్పాల్సింది మీరే"

రెండు నెలలాయె. రావు సార్ రిటైరయ్యిండు. ఆయన జాగల ఫర్హానా మేడం వచ్చింది. పాతబస్తీ మనిషే. సన్నగ, పొట్టిగ, మొహంల నవ్వన్నది లేకుండ. వచ్చిన దినమే నన్ను పద్దెనిమిది ప్రశ్నలడిగింది. ఈ బరువు మిషన్ ఎప్పుడు చెక్ చేయించిన్రు? బీపీ చూసే ముందు ఎంతసేపు కూసోబెడ్తరు? నాకు ఒళ్లు మండింది. పంతొమ్మిదేండ్లు చేసిన మనిషిని, నన్ను అడుగుతుందా అనుకున్న.

ఆ వారంలనే మల్లేశ్‌ను ఇద్దరు మనుషులు చెరొక దిక్కు పట్టుకొని తీసుకొచ్చిన్రు. సామాన్ల రూముల కుర్చీల నుంచి లేవంగనే కండ్లు తిరిగి గోడకు ఒరిగిండట. వెనకాలనే ఆయన భార్య యాదమ్మ వచ్చింది. గుడిమల్కాపూర్ మార్కెట్ల పూలు కట్టి అమ్ముతది. ఎవరో ఫోన్ చేస్తె గంప పక్కామెకు అప్పజెప్పి ఉరికొచ్చింది. కొంగుకు బంతిపూల రెక్కలు అంటుకొనే ఉన్నయి. మంచిగున్న మనిషిని మీరే ఖరాబు చేసిన్రని దర్వాజల నిలబడి లొల్లి పెట్టింది. రెండు నెలల సంది ఇంట్ల ఉప్పు లేదు, తొక్కు లేదు, మటన్ లేదు, పిల్లలు సుత చప్పటి కూర తింటున్నరు. అయినా మనిషి రోజురోజుకు తూలుతున్నడని చెప్పింది.

మేడం మల్లేశ్ దండను ఒకసారి చూసింది, బల్ల మీది పట్టీని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. "సిస్టర్, వేరే సైజు పట్టీ ఉందా?"

లేదన్న. ఇన్ని దినాలు దీంతోనే చూసిన్రా అని అడిగింది. అవునన్న. చేతులతోని ఒత్తి పట్టుకున్నట్టు చెప్పుడు ఇష్టం లేకుండె, కని మల్లేశే చెప్పిండు, పాపం అక్క మస్తు తిప్పలు పడిందని.

మేడం బ్యాగుల ఆమె సొంత పెద్ద పట్టీ ఉంది. మల్లేశ్‌ను పండబెట్టి చూసింది. జరసేపైనంక కూసోబెట్టి చూసింది. ఆఖరుకు నిలబెట్టి చూసింది. కూసున్నప్పుడు నూట పది మీద డెబ్బై. నిలబడితే తొంభైకి దిగింది. మంచిగున్న మనిషికి రెండు నెలలు బీపీ గోలీ మింగించినం. దండ లావుగున్నోళ్లకు చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తది. సన్నగున్నోళ్లకు పెద్దది కడితే ఉన్న బీపీని దాస్తది. ఇది మొదటి ఏడు పుస్తకంల ఉన్న పాఠం. నేను చదివి రాసి పాసైన పాఠం.

మేడం నన్ను పక్క రూములకు పిలిచింది. తిట్లు తింట అనుకున్న. తిట్టలే. గోలీ ఆపుదాం, వారం దినాలు రోజు చూద్దాం, బీపీ పెరగకుంటె క్రేన్‌కు కాయిదం రాద్దాం అన్నది. దర్వాజ దిక్కు చూయించి, "వాళ్లకు చెప్పాల్సింది మీరే, నేను కాదు" అన్నది.

ఆ రూము నుంచి ఈ రూముకు నాలుగడుగులు. నాలుగు ఏండ్లంత దూరమనిపించింది. మల్లేశ్ బెంచీ మీద కూసోని ఉన్నడు, యాదమ్మ ఆయన భుజం పట్టుకొని నిలబడ్డది. వాళ్ల ముంగట నిలబడి చెప్పిన. "మల్లేశన్నా, నీకు బీపీ లేదు. ఎన్నడు లేకుండె. నేను తప్పు చూసిన. నాదే తప్పు."

మల్లేశ్‌కు సమజు కానీకి జరంత టైం పట్టింది. సమజయినంక మాత్రం కోపానికి రాలే. ఆయన అడిగిన మొదటి మాట, ఇయ్యాల్టి సంది మటన్ తినొచ్చా అని. తినొచ్చు, జర తక్కువ తిను అన్నది మేడం. ఇగ ఆ మనిషి లేచి, కండ్లు తిరుగుతున్న సంగతి మరిచిపోయి, రెండు తొడలు చరిచిండు. కుస్తీ గెలిచినోని లెక్క. మల్లా కండ్లు తిరిగి కూసున్నడు. నేను ఏడుస్తున్ననో నవ్వుతున్ననో నాకే తెల్వలే.

యాదమ్మ బీపీ

యాదమ్మకు మాత్రం నవ్వు రాలే. రెండు నెలలు ఉప్పు లేని కూర వండింది ఆమె గద. ఆమె మొహం ఎర్రగైంది. "నా బీపీ పెంచకున్రి సిస్టరమ్మా, ఇప్పటికే తల పలుగుతుంది" అన్నది.

అది అందరు అనే మాటే. బస్సుల కండక్టరు అంటడు, కూరగాయల కాడ బేరం చేసేటామె అంటది. వేరే దినమైతే నేను సుత ఇని ఊకునేదాన్ని. కని ఆ దినం నా చెవులు వేరే తీరుగ పనిచేస్తున్నయి. నీ బీపీ ఎప్పుడన్న చూయించుకున్నవా అని అడిగిన. చిన్న పిల్లగాడు పుట్టినప్పుడు చూసిన్రట. ఆ పిల్లగాడు ఇప్పుడు ఇంటరు చదువుతున్నడు.

కూసో అన్న. నాకేం రోగం లేదు, నా పెనిమిటిని చూడున్రి అన్నది. మేడం కుర్చీ జరిపింది. ఈసారి ముందుగాల దండను టేపుతోని కొలిచిన. ఆమెకు మా మామూలు పట్టీ సరిగ్గ సరిపోయింది. నీళ్లు తాపి, వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టించి, చేయి బల్ల మీద గుండె ఎత్తుకు పెట్టించి, జరసేపు మాట్లాడనియ్యకుంట కూసోబెట్టినం. యాదమ్మను మాట్లాడకుంట కూసోబెట్టుడే ఆ దినం మేం చేసిన పెద్ద పని అన్నడు మల్లేశ్.

నూట ఎనభై రెండు మీద నూట పన్నెండు.

కోపంల ఉన్నది గద, అందుకని రెండు నిమిషాలాగి మల్లా చూసినం. రెండో చేతికి చూసినం. తెల్లారి, ఆమె మార్కెట్ పని అయినంక, కోపం చల్లారినంక చూసినం. అన్నిసార్లు అదే తీరు. మూత్రంల ప్రోటీన్ సుత పోతున్నది, అంటె కిడ్నీ మీద అప్పుడే దెబ్బ పడుడు షురువైంది. పొద్దుగాల లేస్తె తల వెనకాల గుంజుతదట. గంప మోసుడు తోని, ఎండ తోని అనుకున్నదట. ఇంకో ఏడు గట్లనే ఉంటే పక్షవాతమో ఇంకేమో అయ్యేదని మేడం నాకు తర్వాత చెప్పింది.

లేనోనికి ఉన్నదని రాసిన నేను, ఉన్నామెను చూసిన. ఆ రెంటిని ఒకదానికొకటి సరిపెట్టుకొని సమాధానం చెప్పుకోలే, చెప్పుకోవద్దు సుత. మల్లేశ్ తూలి ఆ సామాన్ల రూముల ఏ ఇనుము మీదనో పడుంటే? ఆ ప్రశ్న ఇప్పటికి నన్ను ఇడుస్తలేదు. కని యాదమ్మ గోలీలకు మూడు నెలలల బీపీ దిగొచ్చి, తల గుంజుడు పోయి, సిస్టరమ్మా నా మెడ మీది గంప దిగినట్టున్నదని చెప్పిన దినం, నేను కార్ఖాన గేటు దాక దాదాపు ఎగురుకుంటనే పోయిన.

ఏం కొలవాలె

ఇగ నీ పని సంగతి. పెద్ద పెద్ద పరీక్షల ప్యాకేజీలు చూసి పరేషాన్ కాకు. ఏడాదికొక్కసారి బీపీ చూడు, సరైన పట్టీతోని, సరిగ్గ కూసోబెట్టి. గంట కింద బీడీ తాగొచ్చినోన్ని, చాయ్ తాగొచ్చినోన్ని, బాత్రూంకు పోవాలని ఆపుకున్నోన్ని కూసోబెట్టి చూస్తే వచ్చే లెక్క వాని బీపీ కాదు. పరగడుపున సుగర్ చూడు. మూడు నెలల సగటు చెప్పే సుగర్ పరీక్ష చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటె పరీక్షకు ముందు వారం మిఠాయి బంద్ చేసొచ్చేటోళ్లు మస్తుమంది ఉంటరు. మూత్రంల ప్రోటీన్‌ను చిన్నగ చూడకు, కిడ్నీ నోరు తెరిచి నొస్తున్నదని చెప్పదు. ఆడోళ్లకు రక్తం ఎంతున్నదో చూడు. అలసట తమకు మామూలే అనుకుంటరు వాళ్లు. కొలెస్ట్రాల్ చూడు, కండ్లు చూడు, బోర్డు మారుస్త ఉండు.

బరువు కంటె నడుము ఎక్కువ మాట్లాడతది. సన్నటి చేతులు కాళ్లు ఉండి కడుపు ముంగటికొచ్చినోడు బరువు మిషన్ మీద మంచిగనే కనబడతడు.

ఇంకొకటి. ఈ ఏటి లెక్క పక్కన పోయినేటి లెక్క పెట్టుకొని చూడు. సుగర్ తొంభై రెండు అంటె బాగనే ఉంటది. కని మొన్నటేడు ఎనభై, నిరుడు ఎనభై ఆరు అంటె ఆ మనిషిని కూసోబెట్టి మాట్లాడాలె. లెక్క మంచిగున్నదని ఊకోకు, ఎటు పోతున్నదో చూడు.

మాట్లాడుడు అంటె భయపెట్టుడు కాదు. భయపెడితే మరుసటేడు పరీక్ష దినం సెలవు పెడ్తరు. మస్తుమందిని నేను గట్లనే పోగొట్టుకున్న.

పూల ట్రాలీ

యాదమ్మ బీపీ దిగినంక ఆమె ఒక్కటే పట్టు పట్టింది. మా మార్కెట్ల ఆడోళ్లను ఎవరు చూస్తరు అని. వచ్చినప్పుడల్ల ఇదే ముచ్చట. మా దవాఖానల కార్ఖానోళ్లను, వాళ్ల ఇంటోళ్లను తప్ప బయటోళ్లను చూడొద్దు. మేడం పైనోళ్లకు ఉత్తరం రాసింది, జవాబు రాలే, మల్లా రాసింది, నాలుగోసారికి ఒక్క ఆదివారానికి పర్మిషన్ ఇచ్చిన్రు.

ఆ ఆదివారం పది పదిహేను మంది వస్తరేమో అనుకున్నం. పదిగంటలకు గేటు కాడ లొల్లి ఇనబడ్డది. పూల బుట్టలు మోసే ట్రాలీ ఆటోలు మూడు. బుట్టల జాగల ఆడోళ్లు నిలబడి, ఒకరినొకరు పట్టుకొని, నవ్వుకుంట వస్తున్నరు. ముంగటి ట్రాలీ, అప్పటికే మల్లా క్రేన్ ఎక్కిన మల్లేశే నడుపుతున్నడు. గేటు కాడి జవాను వాళ్లను చూసి లేచి నిలబడి సెల్యూట్ కొట్టిండు, ఎందుకో ఆయనకే తెల్వదు. దవాఖాన మొత్తం మల్లెల వాసన.

బీపీలు, సుగర్లు మంచిగనే నడిచినయి. నడుము కాడ ఆగింది. టేపు తోని కొలిచి, ఎనభై నాలుగు సెంటీమీటర్లు అంటె, అదెంత, మంచిదా చెడ్డదా అని అడుగుతరు. ఎనభై దాటొద్దంటె, ఎందుకు దాటొద్దు, ఎవలు పెట్టిన్రు అంటరు. మేడంకు చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆఖరుకు ఆమె చేతులెత్తి, "అమ్మా, మీ ఎత్తుల సగానికన్న నడుము తక్కువుంటె చాలు" అన్నది.

ఆ మాట ముందుగాలనే చెప్పరాదా అన్నది యాదమ్మ. నడుముకు దోపుకున్న పూలు కట్టే దారం ఉండ తీసింది. ముంగటున్నామె నెత్తి నుంచి కాలి మడమ దాక దారం పట్టింది, తెంపింది, రెండుగ మడిచింది, బొడ్డు మీదుగ నడుము చుట్టూ తిప్పింది. కొసలు కలిసినయి, పైకెల్లి నాలుగు వేళ్ల పొడుగు మిగిలింది. పాస్ అన్నది యాదమ్మ. ఒక్క నిమిషంల అందరి చేతులల్ల దారాలే. లెక్క లేదు, సెంటీమీటరు లేదు. కొసలు కలిస్తె పాస్, కలవకుంటె కలవలేదు. మేడం నోరు తెరిచి చూస్తున్నది. కొసలు కలవనోళ్లు ఏడుస్తరనుకున్న, వాళ్లే అందరికన్న ఎక్కువ నవ్విన్రు. కలవనోళ్లంత ఒక దిక్కు కూసొని, రోజు మార్కెట్ అయినంక కలిసి నడుద్దామని అక్కడికక్కడ మాట్లాడుకున్నరు.

గంతల ఒకామె అడిగింది, సిస్టరమ్మది ఎవరు చూసిన్రని. నేను తప్పించుకుందామని చూసిన. నలుగురు పట్టుకున్నరు. దారం చుట్టిన్రు. కొసల నడుమ ఆరు వేళ్ల జాగ. ఇరవై ఏండ్లు ఊరందరి నడుములు కొలిచినదాన్ని, నా దిక్కు తిరిగి చూసుకోలే. నేను పోయి కలవనోళ్ల దిక్కు కూసున్న. నాకు చప్పట్లు కొట్టిన్రు.

ఇగ మిగిలింది మేడం. సన్నటి మనిషి, ఆమెకేం ఫికర్ అనుకున్నరు అందరు. మేడం నిటారుగ నిలబడ్డది. యాదమ్మ దారం చుట్టింది. కొసలు అచ్చంగ కలిసినయి. పాస్ అనబోయి యాదమ్మ ఆగింది. మేడం మొహం దిక్కు చూసింది.

"డాక్టరమ్మా, ఊపిరి పట్టిన్రు. ఇడువున్రి."

లేదు, ఐసా కుచ్ నై అన్నది మేడం, పట్టిన ఊపిరితోనే. ఊపిరి ఇడిసినంకనే నడుము చూడాలని పొద్దుగాల మాకందరికి చెప్పింది ఆమెనే. నలభై మంది ఆడోళ్లు ఆమెనే చూస్తున్నరు. మేడం పెదవులు బిగబట్టింది, ముక్కు అదిరింది, భుజాలు ఊగినయి. ఆమె నవ్వంగ నేను చూసుడు అదే మొదలు. కడుపుల నుంచి వచ్చిన నవ్వు. దారం పుటుక్కున తెగింది.

ఆ దినం రిజిస్టర్ల మేడం పేరు పక్కన నడుము కాలంల నేనే రాసిన, దారం తెగింది అని. ఆమె చదివి, దాని కింద సంతకం పెట్టింది.